కె అక్షరం కింద గుండ్లు

కెమెరాల మెకానిక్ బల్ల మీదకు ఒరిగిపోయి ఉన్నాడు. మెడలో తూటా దిగింది. వేళ్ల మధ్య సన్నటి స్క్రూడ్రైవర్ ఇంకా అలాగే ఉంది. ఏజెంట్ ఆ వేళ్లను మెల్లగా విడదీశాడు. లెన్స్ తుడవడం తనకు నేర్పిన వేళ్లు. సొంత బాబాయివి.

బల్ల మీద కెమెరా లేదు.

మధ్యాహ్నమే బాబాయి ఫోన్ చేశాడు. లీవర్ బిగుసుకుందని మ్యూజియం అటెండరు ఎవరికీ చెప్పకుండా ఓ పాత జర్మన్ కెమెరా తెచ్చాడట. పైన యుద్ధకాలపు వాయుసేన ముద్ర, నంబరు, చివర కె అక్షరం.

"ముద్ర అబద్ధమాడుతోందిరా. కె అంటే షటర్‌కు ఉక్కు గుండ్ల బేరింగులు ఉండాలి, ఆకాశంలో చలికి బిగుసుకోకుండా. మూత తీశాను. గుండ్లు లేవు. పైగా లోపల..."

అక్కడ లైన్ తెగింది.

చీఫ్ బ్రీఫింగ్ రెండు ముక్కల్లో ముగించాడు. ఈ సాయంత్రం మ్యూజియం ఎగ్జిబిషన్ ప్రారంభించడానికి రైల్లో వస్తున్న క్షిపణి శాస్త్రవేత్తను విదేశీ ముఠా చంపబోతోంది. ఆ కెమెరా నంబరు రైల్వే లాకర్‌దనీ, బాంబు అందులోనే ఉందనీ ముఠాలో ఉంటూ మనకు పనిచేసే డబుల్ ఏజెంట్ మేడమ్ కబురు పంపింది. టీమంతా స్టేషన్‌కు పరుగెత్తింది.

"ఆ ముద్ర అసలైనదని మ్యూజియానికి సర్టిఫికెట్ ఇచ్చిందెవరు సార్?"

"మేడమే. పాత కెమెరాల నిపుణురాలిగా."

"గుండ్లు లేని కెమెరాకి కె ఎందుకు చెక్కించినట్టు? అపురూపమైన వస్తువంటే మ్యూజియం గేటు దగ్గర ఎవరూ విప్పి చూడరు. బాంబు లాకర్లో లేదు."

చీఫ్ కారు తాళాలు అందుకున్నాడు.

వెయిటర్ కోటులో ఏజెంట్ మ్యూజియం ఎగ్జిబిషన్ హాల్లోకి వచ్చేసరికి మేడమ్ శాస్త్రవేత్త చేతిలో కెమెరా పెట్టి, ముత్యాల హారం సవరించుకుంటూ స్తంభం చాటుకు జరుగుతోంది.

"ఒక్కసారి నొక్కండి సార్. ప్రారంభోత్సవం అయిపోయినట్టే."

ఆయన వేలు బటన్ మీద వాలింది. ట్రే నేల మీద పడింది. ఏజెంట్ ఆ వేలిని గట్టిగా ఒడిసిపట్టుకున్నాడు.

"ముందు మీరు నొక్కండి మేడమ్."

ఆమె నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. కళ్లు తలుపు వైపు పరిగెత్తాయి. తలుపు దగ్గర చీఫ్ నిలబడి ఉన్నాడు.

బాంబ్ స్క్వాడ్ మూత విప్పింది. మామూలు షటర్‌కు తీగ, తీగ చివర డిటొనేటర్, దాని వెనక సబ్బుముక్కంత పేలుడు మందు.

లాకప్ గదిలో రికార్డు కోసం ఫొటో తీయాలి. ఏజెంట్ సంచిలోంచి బాబాయి పాత కెమెరా తీసి గురిపెట్టాడు. మేడమ్ గోడకు అతుక్కుపోయింది.

"భయపడకండి. దీని మీద ఏ సైన్యం ముద్రా లేదు. నొక్కితే ఫొటో ఒక్కటే వస్తుంది."