చివరి ప్రాణంతో నక్క

ఒసాకా, 1981 ఆగస్టు. నంబాలోని గేమ్ హాల్లో కురెమత్సు టేబుల్ లాంటి వీడియో గేమ్ మెషీన్ మీద బోర్లా పడి ఉన్నాడు. మెడ వెనక సూది దిగిన చుక్క. అతని చెంప కింద, గాజు లోపల, నలుగురు రాక్షసులు చిక్కుదారుల్లో ఓ నక్కను తరుముతూనే ఉన్నారు.

"మైక్రోఫిల్మ్ చంపినవాళ్లకి చిక్కలేదు," అన్నాడు ఫోన్లో చీఫ్ ఇగరాషి. "జలాంతర్గామి డిజైన్. లైటర్లో ఉంది. చచ్చేముందు మన కురెమత్సు దాన్ని షిన్సెకాయ్ పేటలో 'సుజురాన్' కాఫీ షాపు హత్సుయేకిచ్చాడు. నీకు తెలిసిన మనిషేగా?"

ఏజెంట్ తోరిగోయేకి తెలియకపోవడమేమిటి! నా అనేవాళ్లు లేని రోజుల్లో అతనికి అన్నం పెట్టిన తల్లి ఆవిడ.

"మన రేయికాని తోడు పంపుతున్నా. కోడ్ మర్చిపోకు."

ట్రామ్ స్టాపులో తెల్ల గౌను, ఎర్ర లిప్‌స్టిక్ అతని పక్కకొచ్చి నిలబడ్డాయి.

"నక్కకి ఆకలేస్తోందా?"

"వేయించిన టోఫు ఉంటే చాలు."

రేయికా నవ్వింది. ఆ నవ్వుకి ట్రామ్ డ్రైవర్ బెల్ కొట్టడం మర్చిపోయాడు.

ఆమెను వీధిలో కాపలా పెట్టి తోరిగోయే షాపులోకి వెళ్లాడు. లోపల అలాంటిదే నక్క ఆట మెషీన్ పక్కన హత్సుయే ఒక్కతే ఉంది.

"ఏరా, బతికే ఉన్నావా?" అంది ముసలావిడ. "మళ్లీ ఒక్క నాణెం వేసి పొద్దుగూకేదాకా కూర్చోడానికేనా? నక్కని ఆ మూల సందులో దాచేసి, తీరిగ్గా నా కర్రీ రైస్ తిని, మళ్లీ వచ్చి ఆడేవాడివి. ఇంకోడికి కుర్చీ వదిలితేగా!"

"లైటర్ ఇవ్వు పిన్నీ. తిట్లు తర్వాత."

ఆవిడ బియ్యం డబ్బాలోంచి తీసి ఇచ్చింది. అందుకున్నాడో లేదో, వెనక నుంచి సైలెన్సర్ దగ్గింది. తూటా అతని కుడి అరచేతిని చీల్చుకుపోయింది. లైటర్ నేలమీద దొర్లింది.

"ఆడటానికి ఒక చెయ్యి చాల్లెండి, తోరిగోయే గారూ," అంది రేయికా, లైటర్ ఏరుకుంటూ. "నిన్న ఈ మెషీన్ బాగుచేసే వంకతో వచ్చి, లైటర్ దొరక్క పోయిన మీసాల మెకానిక్ గుర్తున్నాడా పిన్నిగారూ? నేనే."

హత్సుయే కాలికి సంకెల వేసి మెషీన్ ఇనుప కోడుకి తగిలించింది. మూడు ప్రాణాల ఆటకి నాణెం వేసింది. రెండు నక్కల్ని కావాలనే రాక్షసుల నోట్లోకి తోలి, మూడోదాన్ని అతనికి అప్పగించింది.

"కింద బాంబుంది. ఈ నక్క చస్తే పేలుతుంది. ప్లగ్ పీకినా పేలుతుంది. మీరు ఆడినంతసేపూ పిన్నిగారు బతికుంటారు. ఈలోగా నా ఓడ రేవు దాటేస్తుంది."

"ఇక్కడే కాల్చి పారెయ్యొచ్చుగా?"

"తూటా తిన్న శవం దొరికితే రేవు మూసేస్తారు. షాపు మొత్తం పేలిపోతే గ్యాస్ లీకంటారు."

తలుపు మూసుకుంది.

"పారిపోరా వెధవా!" అరిచింది హత్సుయే. "నేను రేపో మాపో పోయేదాన్ని!"

"నువ్వు పోతే నాకెవరున్నారే?" అన్నాడు తోరిగోయే. ఎడమచేత్తో స్టిక్ తిప్పాడు. గాజు మీద నెత్తురు కారుతోంది, ఎర్ర రాక్షసుడు అందులో కలిసిపోయి కనపడటం లేదు. నక్క కుడివైపు పైకెక్కి, గోడల మధ్య చిన్న సందులో దూరి ఆగిపోయింది. రాక్షసులు పక్కనుంచే పోయారు. ఆ సందులో కదలకుండా కూర్చున్న నక్క వాళ్ల కంటికి ఆనదు. పనీపాటా లేని రోజుల్లో తోరిగోయే కనిపెట్టిన ఏకైక రహస్యం అది.

"ఎవర్నీ దీన్ని ముట్టుకోనివ్వకు!" అని బయటికి దూకాడు.

వీధి మలుపులో, పుల్లలకి గుచ్చిన మాంసం వేయించే కుషికత్సు కొట్టు ముందు రేయికాని పట్టుకున్నాడు. పిస్టల్ ఎత్తింది. ఆ చేతిని పట్టి మరుగుతున్న నూనె బాణలిలోకి తోశాడు. ఆమె కేకకి తింటున్నవాళ్లు పుల్లలు వదిలేసి పారిపోయారు. పిస్టల్ నూనెలోనే మునిగింది. రెండో చేత్తో కత్తి తీసి అతని పక్కటెముకల్లో దింపింది. అతను ఆమె జుట్టు పట్టి తలను అందరూ పుల్లలు ముంచుకునే సాస్ తొట్టిలో ముంచాడు. ఉక్కిరిబిక్కిరవుతూ పైకి లేచింది. మళ్లీ ముంచాడు.

"రెండోసారి ముంచకూడదయ్యా!" అని అరిచాడు కొట్టువాడు, బల్ల కింద దాక్కునే. "'ఒక్కసారే ముంచాలి' అని బోర్డు కనపడట్లేదా?"

రేయికా విదిలించుకుని కత్తి మళ్లీ ఎత్తింది. తోరిగోయే ఆ మణికట్టు మెలితిప్పి మీద పడ్డాడు. కత్తి ఆమె గొంతులోనే దిగింది. తెల్ల గౌను ఎర్రబడింది. ఆమె జేబులో లైటర్, సంకెల తాళంచెవి దొరికాయి.

తిరిగొచ్చి షాపు తలుపు తోశాడు. పట్టపగలే తాగొచ్చిన ఓ ఆసామి మెషీన్ ముందు కూర్చుని, ఖాళీగా ఉందనుకుని స్టిక్ లాగేశాడు! హత్సుయే అతని ముంజేతిని పళ్లతో కరిచి వేలాడుతోంది. వాడు లబోదిబోమంటున్నాడు. నక్క సందులోంచి బయటపడింది. నీలం రాక్షసుడు దాని తోకకి ఒక్క గడి దూరంలో ఉన్నాడు.

తోరిగోయే తాగుబోతుని తన్నాడు. కుర్చీ మీద పడుతూనే స్టిక్‌ను ఎడమకి, పైకి, కుడికి తోశాడు. నీలం నోరు తెరుచుకుంది. నక్క సందులో దూరింది. నోరు గోడ పక్కనుంచి వెళ్లిపోయింది.

తాళం తీసి ముసలావిడను ఎత్తుకుని వీధిలోకి పరుగెత్తాడు. పక్కటెముకల నుంచి కారే నెత్తురు ఆవిడ ఏప్రన్‌కి అంటింది. "బరువున్నానట్రా?" అని ఏడుస్తూ అతని ముఖం తడిమింది ఆవిడ.

బాంబు స్క్వాడ్ లోపల వైర్లు కత్తిరిస్తోంది. బయట చీఫ్ ఇగరాషి చెమట తుడుచుకున్నాడు.

"ఆ నక్క అక్కడ ఎంతసేపు ఆగుతుంది?"

తోరిగోయే నోరు తెరిచేలోగా హత్సుయే అందుకుంది.

"వాణ్నేం అడుగుతారు? అన్నాళ్లు కరెంటు బిల్లు కట్టినదాన్ని, నన్నడగండి!"