ఏడక్షరాల సాక్షి

ఉదయం తొమ్మిదింటికి సిగ్నల్ ఇంజనీరును లిఫ్టులో కాల్చి చంపారు. ప్రాణం పోయేలోపు అతను ఫోన్లో పంపగలిగింది ఏడక్షరాలే: 9c4e1ab.

"కోడ్‌వర్డా సార్?" అడిగాడు ఏజెంట్. ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంటులో అతన్ని అందరూ ముంగిస అంటారు.

"కాదు, కమిట్ నంబరు. సిగ్నళ్ల ప్రోగ్రాములో ఎవరు ఏం మార్చినా దానికో నంబరు పడుతుంది," అన్నాడు చీఫ్. "పన్నెండింటికి రెండు ఎక్స్‌ప్రెస్‌లు గుద్దుకోవాలని విదేశీ ముఠా ప్లాను. ఆపుదామంటే ఆపాల్సిన సిగ్నళ్లే వాళ్ల గుప్పిట్లో ఉన్నాయి. లోపల మన మనిషి ఉంది. వెళ్లు!"

పదకొండున్నరకు ఏసీ మెకానిక్ వేషంలో ముంగిస కంట్రోల్ రూములో అడుగుపెట్టాడు. కాళ్లు ఒకచోట నిలవడం లేదు. గడియారం చూడకూడదనుకుంటూనే పదిసార్లు చూశాడు.

నల్లసూటులో మెరిసిపోతున్న చీఫ్ ప్రోగ్రామర్ ఎదురొచ్చింది. మూడేళ్లుగా ముఠాలో ఉంటూ డిపార్ట్‌మెంటుకు రహస్యాలు చేరవేస్తున్నది ఆమే.

"గ్యాస్ అయిపోయిందా?" అన్నాడు.

"లేదు, గాలి మారింది."

కోడ్ కలిసింది. ఆమె గొంతు తగ్గించింది. "ఆ ఇంజనీరే మనల్ని అమ్మేశాడండీ. ఇదిగో చూడండి."

నంబరు కొట్టింది. తెరమీద రాసినవారి పేరు వచ్చింది. ఇంజనీరుదే. నిన్నటి తేదీ.

ముంగిస తెరవైపు వంగాడు. దొంగ తన దొంగతనానికి తనే ఆనవాలు పంపిస్తాడా?

"కాస్త జరగండి మేడమ్."

పూర్తి వివరాలు కావాలని కమాండ్ కొట్టాడు: git show --format=fuller 9c4e1ab. ఈసారి రెండు పేర్లొచ్చాయి. నిన్న రాసింది ఇంజనీరు. ఈ ఉదయం ఎనిమిది నలభైకి దాన్ని సవరించి మళ్లీ కమిట్ చేసింది ఆమె! కింద మారిన లైను: పన్నెండింటికి ఎర్రలైటు బదులు పచ్చలైటు.

"వండింది ఆయన. విషం కలిపింది మీరు."

ఆమె చేతిలో పిస్టల్ మెరిసింది. ముంగిస టూల్‌బాక్స్ విసిరాడు. గుండు సీలింగులో దిగబడింది. బెల్టులోంచి సన్నటి వైరు లాగి, రెక్కలు విరిచి ఆమెను కుర్చీకి కట్టేశాడు. కీబోర్డు మీదికి ఉరికాడు. ఆ కమిట్‌ను రద్దు చేసే రివర్ట్ కమాండ్ కొట్టి సర్వర్లకు పంపాడు. తొంభై శాతం... తొంభై ఆరు... అక్కడే ఆగింది.

"కదలవే తల్లీ!"

కదిలింది. పన్నెండుకు ఒక్క సెకను ముందు బోర్డు మీద సిగ్నల్ ఎర్రబడింది. రెండు రైళ్లూ ఎదురెదురుగా, మూడు పెట్టెల దూరంలో ఆగిపోయాయి.

టూల్‌బాక్స్ సర్దుకుంటున్న ముంగిస దగ్గరికి షిఫ్ట్ ఇన్‌చార్జి రిజిస్టరు పట్టుకొచ్చాడు. "సార్, ప్రోగ్రాములో ఏం మార్చినా కారణం రాయాలండీ. రూలు."

ముంగిస పెన్ను తీసుకుని రాశాడు: 'ప్రయాణికుల సౌకర్యార్థం.'