దోషదర్శిని ముందు అంకమ్మ

మేనేజర్ చక్రధరరావు తలకి టోపీ బిగించి ఆపరేటర్ మీట నొక్కగానే స్క్రీన్ మీద సున్నా వచ్చింది. ట్రిబ్యునల్ హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఆపరేటర్ వైర్లు సరిచూసి మళ్లీ నొక్కాడు. మళ్లీ సున్నాయే. చక్రధరరావు టోపీ తీసి, చెదిరిన జుట్టు సవరించుకుని, పెళ్లిభోజనం చేసి లేచినవాడిలా నింపాదిగా వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు.

తరవాత అదే టోపీ అంకమ్మకి పెట్టారు. ఎనభై ఏడు వచ్చింది.

గుంటూరు ప్రమాదాల ట్రిబ్యునల్‌కి ఆ యంత్రం కొత్తగా వచ్చింది. పేరు దోషదర్శిని. అది చేసే పని చెప్పుకుంటే చాలా చిన్నది. తప్పు చేశానని మనసుకి తెలిసినవాడి మెదడులో ఒకచోట రక్తప్రసరణ పెరుగుతుంది. టోపీలోని సెన్సార్లు దాన్ని పసిగట్టి నూటికి ఇంత అని చెబుతాయి. సాక్షులు అబద్ధమాడొచ్చు, కాగితాలు మారిపోవచ్చు, మెదడులో నెత్తుటిని మాత్రం ఎవరూ మార్చలేరని ప్రభుత్వం నమ్మి చట్టం చేసింది. ఎవరికి ఎక్కువ అంకె వస్తే ప్రమాదానికి బాధ్యత వాళ్లదే, పరిహారం కట్టాల్సిందీ వాళ్లే. ఏళ్ల తరబడి సాగే కేసులు పూటలో తేలిపోతున్నాయని పేపర్లు తెగ మెచ్చుకున్నాయి. మనకి ఏదైనా త్వరగా తేలితే చాలు, ఎటు తేలిందన్నది తరవాతి సంగతి!

అంకమ్మ, చక్రధరరావు మేనేజరుగా ఉన్న కంపెనీ కోల్డ్ స్టోరేజీలో మిర్చి తొడిమలు తీసే కూలీ. చల్లదనానికి వాడే అమోనియా గ్యాస్ పైపు తుప్పు పట్టిందని మెకానిక్ చెబుతూనే ఉన్నాడు. సీజన్ అయ్యాక చూద్దామన్నాడు చక్రధరరావు. పైపు సీజన్ మధ్యలోనే పగిలింది. గ్యాస్ సూటిగా అంకమ్మ మొహాన కొట్టింది. రెండు కళ్లూ పోయాయి. పరిహారం వస్తే ఒక గది అద్దెకు తీసుకుని, తోడుకి ఒక మనిషిని పెట్టుకుని, ఎవరికీ భారం కాకుండా బతకాలని ఆమె ఆశ. ఇప్పుడా పరిహారమే పోయేట్టుంది.

యంత్రాన్ని తయారుచేసిన రిటైర్డ్ ప్రొఫెసర్ డాక్టర్ పరాంకుశం ఆ రోజు హాల్లోనే ఉన్నాడు. విరామంలో వరండాలోకి వచ్చి అంకమ్మ పక్కన బెంచీ మీద కూర్చున్నాడు.

"అమ్మా, ఈ మిషన్ చేసింది నేనే. పైపు పగలడంలో మీ పొరపాటేమైనా ఉందా?"

"పైపు జోలికి నేనెందుకు పోతానయ్యా? నీడుందని ఆడ కూకుని అన్నం తింటన్నా."

"మరి టోపీ పెట్టినప్పుడు మీకేం అనిపించింది?"

అంకమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"ఏం జెప్పమంటారు? మా తమ్ముడి పెళ్లాం నాకు నీళ్లు పోస్తంది. దొడ్డికి పోవాలన్నా ఆ పిల్లే చెయ్యి పట్టుకోవాల. దాని పురుడికి చాకిరీ చేసిందాన్ని నేను. ఇయ్యాల నా చీర అది కడతంది. పదిమందిలో కూకోబెట్టి టోపీ పెడితే, అందరూ ఈ మొహమే చూస్తన్నారని సిగ్గుతో చచ్చిపోయానయ్యా."

పరాంకుశానికి తన పొరపాటు అప్పుడు తెలిసింది. యంత్రాన్ని ఆయన అప్పట్లో తన దగ్గర చదువుకున్న విద్యార్థుల మీద సరిచూశాడు. పరీక్షలో కాపీ కొట్టిన సంగతో, స్నేహితుణ్ని మోసం చేసిన సంగతో గుర్తు తెచ్చుకోమనేవాడు. అందరికీ అంకె పెరిగేది. తప్పు చేసినవాళ్లనే కూర్చోబెట్టాడు గానీ, అన్యాయం జరిగినవాళ్లని ఒక్కరినీ కూర్చోబెట్టలేదు. సిగ్గుపడాల్సినవాళ్లే సిగ్గుపడతారనుకున్నాడు, అంత చదువూ చదివి.

విరామం అయ్యాక ఆయన లేచి నిలబడ్డాడు.

"మేడమ్, ఇది తప్పుని కొలవడం లేదు. సిగ్గుని కొలుస్తోంది. ఈ రీడింగ్ చెల్లదు," అన్నాడు జడ్జితో.

కంపెనీ లాయరు వెంటనే అందుకున్నాడు. "యంత్రాన్ని తప్పుపట్టేవారు తామూ టోపీ పెట్టుకోవాలని చట్టంలో ఉంది మేడమ్."

పరాంకుశానికి టోపీ పెట్టారు. తొంభై ఆరు వచ్చింది.

జడ్జి స్క్రీన్ మీది అంకె రాసుకుంది. "డాక్టరుగారూ, మీరు చెప్పింది నాకు అర్థమైంది. కానీ చట్టం మారేదాకా ఈ అంకె తప్ప నాకు వేరే దారి లేదు. ఎక్కువ అంకె మీది కాబట్టి బాధ్యతా మీదే."

"ఒప్పుకుంటున్నానండీ," అన్నాడాయన తల వంచుకుని.

ఆయన పెన్షన్‌లో సగం నెలనెలా అంకమ్మకి ఇవ్వాలని తీర్పు వచ్చింది. అంకమ్మ వద్దంది.

"నన్ను మనిషిగా చూసి పలకరించినోడు ఆ అయ్య ఒక్కడే. ఆయన కూడు లాక్కుని తినమంటారా? నా వల్ల కాదు."

ఆమె మళ్లీ తమ్ముడింటికే పోయింది. ఆ రోజు లాభపడింది చక్రధరరావు ఒక్కడే. ప్రమాదంతో ఏ సంబంధం లేని మనిషైనా సరే, టోపీ పెట్టుకుని గట్టిగా సిగ్గుపడితే కంపెనీ బయటపడుతుందని అతనికి బోధపడింది. కొద్దిరోజుల్లోనే కంపెనీలన్నీ బాధ్యతాధికారి అనే కొత్త ఉద్యోగం పెట్టాయి. దానికి చదువు అక్కర్లేదు, అంకె ఎక్కువ రావాలి. వసూలు చేసుకోవడానికి చేతిలో ఏమీ లేనివాళ్లయితే మరీ మంచిది. కాళ్లో చేతులో పోగొట్టుకున్నవాళ్లే ఎక్కువమంది వచ్చారు. వాళ్లకున్నంత సిగ్గు ఊళ్లో ఇంకెవరికీ లేదు మరి.

అంకమ్మకి చక్రధరరావే కారు పంపించాడు. తమ్ముడి పెళ్లాం మొహం చూడలేక, అంటే ఆ పిల్ల తన మొహం చూడటం భరించలేక, ఆమె ఆ ఉద్యోగంలో చేరింది. గది అద్దెకు తీసుకుంది. తోడుకి మనిషిని పెట్టుకుంది.

ఆమె మొదటి కేసు, గోడౌన్‌లో బస్తాలు మీదపడి కాలు పోయిన ఒక హమాలీది. అతనికి ఎనభై వచ్చింది. చక్రధరరావుకి సున్నా. అంకమ్మకి తొంభై ఒకటి. బాధ్యత అంకమ్మదని తేలింది. కంపెనీ ఒక్క పైసా ఇవ్వక్కర్లేదు.

హమాలీ కర్రల మీద లేచి ఆమె దగ్గరికి వచ్చాడు.

"బస్తాలు నా మీద పడ్డప్పుడు నువ్వాడ ఉన్నావా అమ్మా?"

"లేను నాయనా."

"మరి తప్పు నీదెట్టా అయింది?"

అంకమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. టోపీ ఇంకా ఆమె తల మీదే ఉంది. స్క్రీన్ మీద అంకె నెమ్మదిగా పెరిగి, ఇంతవరకూ ఎవరికీ రాని నూరు దగ్గర ఆగింది. చక్రధరరావు అది చూసి, ఈ నెల నుంచి ఆమె జీతం పెంచాలని లాయరుతో అన్నాడు.