చప్పుడు లేని కారు

డీజిల్ జీపు చప్పుడు వినగానే గ్లోరీ కంప్యూటర్ మీంచి తల ఎత్తింది. ఎత్తి, పళ్లు నూరింది. ప్రేమ్‌సాగర్ మళ్లీ వచ్చాడు!

జహీరాబాద్‌లో ఎలక్ట్రిక్ కార్లు అమ్మడం మొదలుపెట్టాక ఇంతగా విసిగించిన కస్టమర్ ఆమెకు తగల్లేదు. చార్జింగ్ మధ్యలో అయిపోతుందన్నాడు. రాయికోడ్ దాకా తీసుకెళ్లి తెచ్చింది. ట్రాక్టర్ ఫ్యాక్టరీలో తోటి పనివాళ్లు నవ్వుతారన్నాడు. వాళ్లనూ ఎక్కించి తిప్పింది. వానకు బ్యాటరీ పాడవుతుందన్నాడు. జోరువానలో హైవే మీద నడిపి చూపించింది. ఆ రోజు అతను వానను చూడలేదు, రోడ్డును చూడలేదు, ఆమెనే చూశాడు. సరే, అది వేరే సంగతి. చివరికి వాళ్ల నాన్న ప్రకాశం కూడా ఒప్పుకున్నాడు. బుకింగ్ మాత్రం లేదు.

"నిన్న మంచిగనే ఉందంటిరి కద సర్?" అంది.

"మంచిగనే ఉంది మేడం. జర ఆలోచిస్త."

"ఇంకేం ఆలోచిస్తరు? మా మేనేజర్ నా పానం తింటున్నడు. ఈ నెల ఒక్క బండన్న పోకుంటే నన్ను సంగారెడ్డి బ్రాంచికి పంపుతడంట. మీకేమో ఆటగుంది!"

అతని మొహం పాలిపోయింది. "సంగారెడ్డికా? ముందుగాల చెప్పొద్దా!"

"చెప్తే ఏంజేస్తుంటిరి? ఇంకో టెస్ట్ డ్రైవ్ అడుగుతుంటిరి! అసలు ఏం తక్కువైంది ఈ కారుకు?"

ప్రేమ్‌సాగర్ జీపు తాళాలు అటూ ఇటూ తిప్పాడు. "చప్పుడు."

"ఏందీ?"

"దీనికి చప్పుడు లేదు మేడం. నా జీపు మలుపు తిరగంగనే మీరు తల ఎత్తి అద్దంలకెల్లి చూస్తరు. కోపంగనే చూస్తరు. అయినా గా చూపు కోసమే వస్త. ఈ కార్ల వస్తే నేనొచ్చినట్టు మీకెట్ల తెలుస్తది?"

గ్లోరీకి నవ్వొచ్చింది. దాన్ని మింగి, ఇంకా గట్టిగా అరిచింది.

"గిందుకా నన్ను ఇన్ని దినాలు తిప్పిన్రు? ఇష్టమైతే ఇష్టమని చెప్పనీకి రాదా?"

"ఇష్టమే! మస్తు ఇష్టం! బుక్ చేస్కోన్రి. సంగారెడ్డి గింగారెడ్డి పోవద్దు!"

డెలివరీ అయిన మర్నాడు అతని కొత్త కారు చడీచప్పుడు లేకుండా షోరూం ముందు ఆగింది. గ్లోరీ అప్పటికే గేటు దగ్గర నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"చప్పుడే లేదు కద, నేనొస్తున్నట్టు ఎట్ల తెలిసింది?"

"తెల్వలే. పొద్దుగాల్నుంచి గీడనే నిలబడ్డ," అంది విసుగ్గా. "ఇంత లేటా?"