రెండు వేల పసికందుల రక్తం

1999 మే. ఉదయం పది గంటలు. లింగంపల్లి రైల్వే స్టేషన్ బెంచీ మీద పేపరు చదువుతున్నట్టు నటిస్తూ గూఢచారి సంస్థ చీఫ్ జయలక్ష్మి గొంతు తగ్గించింది.

"పుట్టగానే బొడ్డుతాడు నుంచి తీసిన రక్తమండీ. అందులో ఐజీఈ అనే యాంటీబాడీ ఎంతుందో చూసి, ముందుముందు ఎలర్జీలు వస్తాయేమో అంచనా వేస్తారు. జాతిని బట్టి తేడా ఉందా అని నాలుగు దేశాల్లో స్టడీ. మన దగ్గర రెండు వేల మంది పిల్లలు. నిన్న మిమ్మల్ని వేషం మార్చి ఆస్పత్రికి పంపింది అందుకే."

"మంచిదే కదా మేడం?" అన్నాడు ఏజెంట్ వీరేశం.

"స్టడీ మంచిదే. దాన్ని చేజిక్కించుకున్న విదేశీ ముఠా మన పిల్లల అంకెల్ని మూడింతలు చేసింది. ఆ రిపోర్టు చూపించి, ఎక్కడా టెస్ట్ చెయ్యని ఎలర్జీ ఇంజెక్షన్ ఇక్కడి పసివాళ్లకు పొడుస్తారు. పదకొండింటికి వాళ్ల మాదాపూర్ ఆఫీసు నుంచి ఆ దొంగ రిపోర్టు ఫైలు విదేశానికి వెళ్తుంది. అసలు అంకెలు ఒక్క ఫ్లాపీలోనే ఉన్నాయి. అక్కడి డాక్టర్ సంయుక్త మన మనిషే. ఇస్తుంది."

ఆమె లేచి వెళ్లిపోయింది. పదకొండేళ్ల సర్వీసులో అతనికి ఏడు పేర్లు మారాయి; వీరేశం ఏడోది. సొంత పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు.

మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల భవనం. ఏసీ మెకానిక్ యూనిఫాంలో వచ్చిన వీరేశాన్ని గార్డు సాయిలు ఆపాడు.

"ఏందన్నా, ఏసీ మంచిగనే నడుస్తుంది గద?"

"నాలుగో ఫ్లోర్ల సల్లగ వస్తలేదంట. జర పోనీయన్నా."

నాలుగో అంతస్తులో నీలం షిఫాన్ చీరలో సంయుక్త ఒక్కతే ఉంది.

"ఫిల్టర్ మార్చి ఎన్నాళ్లయింది?" అని అడిగాడు వీరేశం.

"నిన్న వాన పడ్డప్పుడే."

కోడ్ సరిపోయింది. కానీ ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి వచ్చింది ఫ్లాపీ కాదు, సైలెన్సర్ బిగించిన పిస్టల్.

"సారీ. నేను వాళ్ల మనిషిని కూడా."

ఆమె వెనక కంప్యూటర్ తెర మీద ఫైలు వెళ్తోంది. తొంభై ఒక్క శాతం.

"మూసాపేట సత్తెమ్మ గుర్తుందా?" అన్నాడు వీరేశం. "కూలి పని చేస్తుంది. బిడ్డ రక్తం ఎందుకని కూడా అడగకుండా మీకు దండం పెట్టింది. నిన్న వార్డుబాయ్ వేషంలో వెళ్లి కలిశాను. బిడ్డకు మీ పేరే పెట్టుకుంది."

సంయుక్త తల తిప్పి తెర వంక చూసింది. తొంభై ఏడు. వీరేశం చేతిలోని స్క్రూడ్రైవర్ పిడి నొక్కాడు. బయటికొచ్చిన బ్లేడుతో మోడెం వైరు తెంపాడు. అంకె తొంభై తొమ్మిది దగ్గర ఆగిపోయింది.

సంయుక్త పిస్టల్ కింద పెట్టింది. డ్రాయరులోంచి ఫ్లాపీ తీసి ఇచ్చింది. కింద చీఫ్ పంపిన పోలీసు జీపులు ఆగిన చప్పుడు.

"మీ అసలు పేరేంటండీ?" అంది.

పేరు నాలుక చివరిదాకా వచ్చింది. "మెకానిక్," అన్నాడు.

మధ్యాహ్నం పేజర్ మోగింది. చీఫ్ మెసేజ్: "వెల్ డన్. రెండు రోజులు సెలవు. ఇంటికెళ్లండి." అతను ఎదురుగా ఆగిన బస్సెక్కాడు.

"ఏడికి పోవాలె?" అన్నాడు కండక్టరు.

ఏ కోడ్ ప్రశ్నకూ బదులు తప్పని ఏజెంటు జేబులోంచి నోటు తీసి, బస్సు ఎంతదాకా పోతే అంతదాకా టికెట్టు కొట్టమన్నాడు.