మోరీలో పడిన తాళాల గుత్తి

అన్యాయం జరిగింది ఎవరికి? అరుణకుమారికి. చేసినది ఎవరు? బేతంచెర్ల బండల లారీ నడిపే ఏలీయా. ఎలా చేశాడు? నంద్యాల బస్టాండులో, నూరుమంది వింటుండగా, ప్రాణం నిలబెట్టిన మనిషిని ప్రాణం తీయబోయిన మనిషి అన్నాడు. ఇది 1979 జూన్ నెల మాట.

ఆ రోజు ఏలీయా తల్లి దానమ్మ టీ బంకు ముందు నిలబడి ఉన్నది ఉన్నట్టే కూలిపోయింది. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. నోటివెంట నురుగు వచ్చింది. ఏలీయా పరుగున వచ్చి తన తాళాల గుత్తిని ఆమె పిడికిట్లో కుక్కాడు. మూర్ఛ వస్తే ఇనుము పట్టించాలన్నది చిన్ననాటి నుంచి అతనికి తెలిసిన ఏకైక వైద్యం. ఇద్దరు మనుషులు ఆమె కాళ్లు అదిమిపట్టారు. బంకు ఓబయ్య స్పూను తెచ్చి పళ్ల మధ్య దూర్చబోయాడు.

ఆళ్లగడ్డ బస్సు కోసం నిలబడిన అరుణకుమారి జనాన్ని తోసుకుని ముందుకు వచ్చింది.

"కాళ్లు వదలండి! స్పూను తియ్యప్పా, పన్ను విరిగి గొంతులో పడుతుంది."

"నువ్వెవురు? డాక్టరువా?" అన్నాడు ఏలీయా.

"టీచర్ని."

"టీచరైతే బడికి పో. ఈడేం పని?"

తాళంచెవులు దానమ్మ అరచేతిని చీరుతున్నాయి. అరుణకుమారి గుత్తిని లాగి, చూడకుండానే వెనక్కి విసిరింది. అది బంకు పక్క మురికి కాలువలో పడింది. పక్కనున్న బెంచీని కాలితో జరిపింది. తన గుడ్డసంచిని మడిచి దానమ్మ తలకింద పెట్టి, చేతి గడియారం చూసుకుంటూ కూర్చుంది. రెండు నిమిషాలకు కొట్టుకోవడం ఆగింది. అప్పుడామెను పక్కకు తిప్పింది. నురుగు బయటికి కారిపోయి, ఊపిరి సాఫీగా ఆడింది.

"నేను యాడుండా?" అంది దానమ్మ, కాసేపటికి కళ్లు తెరిచి.

ఏలీయాకు గుండెలో పడిన భయమంతా అప్పుడు కోపమై పైకి వచ్చింది.

"నా తాళాలు యాడ?"

"విసిరేసినా."

"మోరీలోనా! లారీ తాళం, ఇంటి తాళం, అన్నీ దాంట్లోనే ఉండాయి గదా! ఇనుము లాగేస్తివి, పట్టుకున్నోళ్లను తోసేస్తివి. సంపాలని చూస్తివా మా అమ్మను?"

జనం తలలూపారు. ఓబయ్య అందరికంటే గట్టిగా ఊపాడు. అరుణకుమారి సంచి దులుపుకుని నిలబడిపోయింది.

ఆ సాయంత్రం లారీ యజమాని రెండో తాళంతో వచ్చి ఏలీయాను నానా మాటలన్నాడు. ఆ కసితో ఏలీయా మర్నాడే వాళ్లనూ వీళ్లనూ అడిగి తెలుసుకుని, ఆళ్లగడ్డలో ఆమె పనిచేసే బాలికల పాఠశాలకు ఒక ఫిర్యాదు రాసి పంపాడు. నంద్యాలలో పది రోజుల శిబిరంలో ప్రథమ చికిత్స నేర్చుకుని, ప్రతి శనివారం నలభై మంది ఆడపిల్లలకు నేర్పుతుండేది అరుణకుమారి. ఆ క్లాసు ఆగిపోయింది. తాళాలు లాక్కున్న టీచరు దగ్గర మా పిల్లలేం నేర్చుకోవాలి అన్నారు తల్లిదండ్రులు.

మూడు వారాల తరువాత, జోరుగా వాన పడుతున్న ఒక మధ్యాహ్నం, ఏలీయా నిలువునా తడిసి బడి వరండాలో ప్రత్యక్షమయ్యాడు. అరుణకుమారి గొడుగు ముడుస్తూ అతన్ని చూసింది.

"బత్తాయిలు తెచ్చినా మేడమ్."

"నాకేం జ్వరం రాలేదు."

"అమ్మను ఆసుపత్రిలో చూపిస్తే పెద్ద డాక్టరు తిట్టినాడు. తాళాలు పెట్టిందెవురన్నాడు. నేనే అన్నా. పక్కకు తిప్పిందెవురన్నాడు. ఒక టీచరన్నా. పోయి ఆమె కాళ్లు మొక్కురా అన్నాడు." అతడు బెరుగ్గా ఆమె పాదాలవైపు చూశాడు.

"మొక్కద్దు. తడి నేల, జారతావ్."

"మరి ఏం చేయమంటావ్?"

"నూరుమంది ముందర అంటివి. ఇప్పుడొచ్చి నా ఒక్కదాని చెవిలో చెప్తే చెల్లదు."

లోపల నుంచి హెడ్‌మిస్ట్రెస్ కమలవల్లి గారు అద్దాలు సవరించుకుంటూ వచ్చారు. "నీ కాగితం నేను చించగలను నాయనా. బస్టాండులో పుట్టిన మాటను చించడం నా వల్ల కాదు. ఆ మాటను నువ్వు అక్కడే వెనక్కి తీసుకో. ఆ రోజే క్లాసు తెరుస్తాను."

ఏలీయా తలవంచుకున్నాడు. వెళ్లబోతూ ఆగాడు.

"ఒక మాట మేడమ్. అమ్మకు మళ్లీ వస్తే నేనేం చేయాల? అది నేర్పిస్తావా?"

ఆ ప్రశ్నకు కాదనడం అరుణకుమారికి చేతకాలేదు.

ఆళ్లగడ్డకు బండల లోడు వచ్చిన ప్రతి శనివారం వరండాలో పాఠం మొదలైంది. రోగి దానమ్మే. బెంచీమీద పడుకుని, కళ్లు మూసుకోవలసినప్పుడు మూసుకోకుండా, మూయవలసిన నోరు మూయకుండా ఆమె రోగిగా నటించేది.

"ఎముక విరిగినప్పుడు బద్ద ఇట్ల కట్టాల. అంత బిగించద్దు, అది లారీమీద బండ గాదు," అనేది అరుణకుమారి.

"అమ్మా, నొప్పిగా ఉండాదా?"

"నాకు నవ్వొస్తాందిరా. టీచరమ్మా, వీడు నా మోకాలు చూడకుండా నిన్నే చూస్తాండాడు."

"చూపు గాయంమీద ఉండాల," అంది అరుణకుమారి కఠినంగా. ఆమె చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"రక్తం కారితే?"

"శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమిపట్టాల," అన్నాడు ఏలీయా ఠకీమని. "కాఫీపొడి వెయ్యగూడదు. గుడ్డ తడిసినా తియ్యగూడదు, దానిమీదే ఇంకోటి పెట్టాల."

"కాలితే?"

"సల్లనీళ్లు. ఇంకు పోయగూడదు, నూనె పుయ్యగూడదు."

"ఎంతసేపు?"

"నువ్వు సాలు అనేదాకా."

"పది నిమిషాలకు తక్కువ కాకుండా," అని దిద్దింది ఆమె, నవ్వు ఆపుకుంటూ.

పాఠాలన్నీ వచ్చాయి. రావలసిన మాట ఒక్కటే రాలేదు. రెండుసార్లు ఏలీయా నంద్యాల బస్టాండు నడుమ నిలబడి గొంతు సవరించుకున్నాడు. రెండుసార్లూ జనం తనవైపు తిరగగానే, "ఓబయ్యన్నా, ఒక టీ," అన్నాడు. ఆ సంగతి దానమ్మే నవ్వుతూ చెప్పింది. అరుణకుమారి నవ్వలేదు. నేర్పిన విద్య అబద్ధమని నలభై మంది పిల్లలు నమ్ముతున్నారు. అది ఆమెకు చిన్న విషయం కాదు. అతడంటే ఇష్టం ఏర్పడిన తరువాత అది మరింత పెద్దదయింది.

"ఇంక పాఠం లేదు ఏలీయా," అంది నవంబరులో ఒకనాడు. "ఆ మాట చెప్పినాక రా."

ఆ మరుసటి శనివారం తండ్రిని చూడాలని ఆమె ఆళ్లగడ్డ నుంచి బస్సులో వచ్చి నంద్యాలలో దిగింది. బంకు దగ్గర గుంపు కనిపించింది. మరుగుతున్న టీ గిన్నె ఒరిగి ఓబయ్య చెయ్యి మోచేతిదాకా కాలింది. అతని వేలి ఉంగరం అప్పటికే ఊడబెరికి బెంచీమీద పెట్టి ఉంది. ఏలీయా అతని చేతిని పట్టుకుని కుండలో నీళ్లు చెంబుతో నింపాదిగా పోస్తున్నాడు. పక్కనే దానమ్మ మరో బిందెతో నిలబడింది.

"ఇంకు తేండప్పా బేగా!" అని ఎవరో అరిచారు.

"ఇంకు తెచ్చినోడి తలమీద పోస్తా," అన్నాడు ఏలీయా.

"నీళ్లు పోస్తే బొబ్బలెక్కుతాయిరా!" ఓబయ్య గింజుకున్నాడు. "వదులు! సంపాలని చూస్తాండావా నన్ను?"

ఏలీయా చేతిలో చెంబు ఒక్క క్షణం ఆగింది. ఆ మాట తనదే. అయిదు నెలల కింద, ఇదే చోట, ఇదే గుంపు ముందు తాను విసిరినది. అది ఎదుటి మనిషికి ఎంత లోతుగా దిగుతుందో అతనికిప్పుడు తెలిసింది.

చెంబు మళ్లీ వంపాడు. ఈసారి గొంతు సవరించుకోలేదు.

"అందరూ ఇనండప్పా! జూన్‌లో మా అమ్మ ఈడ పడినప్పుడు ఒక టీచరమ్మ కాపాడింది. నేను పెట్టిన తాళాలు తప్పు. ఓబయ్యన్న స్పూను తప్పు. ఆమె చేసిందే సరి, డాక్టరే చెప్పినాడు. నేను మీ ముందర ఆమెను హంతకురాలన్నట్టు అంటిని. నాది తప్పు. నేను పోస్తాండే ఈ నీళ్లు కూడా ఆమె నేర్పిందే. పిల్లలుండేవాళ్లు మీ పిల్లల్ని ఆమె దగ్గరికే పంపండి."

ఓబయ్య తన చెయ్యి చూసుకున్నాడు. "మంట తగ్గుతాందప్పా," అన్నాడు మెల్లగా. "ఆ యమ్మ యాడుండాది?"

"ఈడనే," అంది వెనకనుంచి అరుణకుమారి. ఏలీయా ఉలిక్కిపడ్డాడు. ఆమె గడియారం చూస్తోంది. "ఎంతసేపైంది?"

"ఆరు నిమిషాలు."

"ఇంకా పొయ్యి."

పోశాడు. పన్నెండో నిమిషంలో ఆమె తన సంచిలోని ప్రథమ చికిత్స డబ్బా నుంచి ఉతికిన తెల్లగుడ్డ తీసి కాలిన చేతిని వదులుగా చుట్టింది. ఓబయ్యను రిక్షాలో ఆసుపత్రికి పంపించారు. గుంపులో ఉన్న ఆళ్లగడ్డ మనిషి ఒకతను, తన కూతురు ఏడో తరగతి అనీ, శనివారం పంపిస్తాననీ చెప్పి వెళ్లాడు.

"నా బాకీ తీరిందా మేడమ్?" అన్నాడు ఏలీయా.

"తీరింది. నాదొకటి ఉండాది." ఆమె ప్రథమ చికిత్స డబ్బా తెరిచి, దూది కింద నుంచి తాళాల గుత్తి తీసింది. ఒక్క తుప్పు మచ్చ లేకుండా అది మెరుస్తోంది.

ఏలీయా నోరు తెరిచాడు. "మోరీలో గదా పడింది!"

"మీరంతా పోయినాక గొడుగు కొక్కెంతో తీసినా. నిజం చెప్పిన రోజు ఇద్దామని పెట్టుకున్నా. తీసుకో."

అతడు చెయ్యి చాచలేదు. "లారీ తాళం ఒకటి తీసిస్తే సాలు. తక్కినవి నీ దగ్గరే ఉండనీ. ఇంటి తాళం ఉండాది దాంట్లో. నాకు నువ్వంటే... ఇది కూడా నూరుమంది ముందర చెప్పాల్నా?"

"వద్దు," అంది ఆమె చప్పున. "ఇది చెవిలో చెప్పినా చెల్లుతుంది."

దానమ్మ బిందె కింద పెట్టి వచ్చి, అరుణకుమారి వేళ్లను గుత్తి చుట్టూ తన రెండు చేతులతో మూసింది.

"నా చేతిలోనుంచి లాక్కుంటివి గదమ్మా ఆ పొద్దు," అంది. "ఇప్పుడు నేనే ఇస్తాండా. వచ్చే ఆదివారం మీ నాయనతో మాట్లాడేకి వస్తాం."

సోమవారం ఉదయం కమలవల్లి గారు ఫిర్యాదు కాగితాన్ని నలభై మంది పిల్లల ఎదుట నాలుగు ముక్కలు చేశారు. శనివారం క్లాసుకు యాభై ముగ్గురు వచ్చారు. చివరి బెంచీలో, కట్టు కట్టిన చేతితో, ఓబయ్య కూర్చున్నాడు.