పొలమిచ్చిన పేరు

"ముందు ఆ రొట్టె తీసెయ్యండి!"

లియోనీ కేకకి అతను ఉలిక్కిపడ్డాడు. మూడు వందల ఏళ్ల నాటి చర్చి జనన మరణాల పుస్తకం పక్కనే వెన్న రాసిన నల్లరొట్టె పెట్టుకున్నాడు మరి.

"పొద్దున్నే బ్రేమెన్‌లో రైలెక్కానండీ. ఆకలేసింది."

"పుస్తకానికి వెయ్యలేదుగా. పేరు?"

"హెన్రిక్ బ్రోక్‌హోఫ్."

లియోనీ చేతిలో పెన్సిలు ఆగింది. "నేనూ బ్రోక్‌హోఫే!"

"మీకు చివర ఎఫ్ ఒకటా, రెండా?"

"ఒకటే. రెండోదానితో మాకు పని పడలేదు."

"నాకు రెండున్నాయి. కావాలంటే ఒకటి తీసుకోండి."

నవ్వకూడదనుకుంటూనే నవ్వేసింది.

లియోనీ పాత పుస్తకాలు చూసుకునే ఆ చర్చి ఆఫీసు మంగళవారాలే తెరుస్తారు. తన పూర్వీకుల్ని వెతుక్కుంటూ హెన్రిక్ ప్రతి మంగళవారం వచ్చాడు. బ్రోక్‌హోఫ్ అంటే చిత్తడి నేల పక్కనున్న ఇల్లని లియోనీయే చెప్పింది. పాత ఫాదర్లు చెవికెలా వినపడితే అలా రాసేవారు, ఒకచోట బ్రూకోఫ్, ఒకచోట బ్రోఖోఫ్. ఇద్దరూ తలలు దగ్గరపెట్టి ఆ గొలుసుకట్టు రాత చదివేవారు. నాలుగో వారం వానలో ఒకే గొడుగు కింద స్టేషన్‌కి నడిచారు. 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయింది.

"మావాళ్లు ఈ ఊరు ఎందుకు వదిలేశారో తెలిస్తే చాలు. వచ్చే మంగళవారం ఆఖరు, సెలవులైపోయాయి," అన్నాడు రైలెక్కుతూ.

ఆ పేజీ లియోనీకి రెండు రోజుల కిందటే దొరికింది. అతనికి చూపించలేదు.

పదిహేడు వందల నలభై రెండులో బ్రోక్‌హోఫ్ రైతు జ్వరంతో పోయాడు. దున్నే దిక్కు లేక అతని భార్య పసివాణ్ణి చంకనేసుకుని ఊరు వదిలింది. జమీందారు ఆ పొలాన్ని బెర్న్‌ట్ టెర్‌హోర్స్ట్ అనే అతనికిచ్చాడు. పొలంతో పాటే పొలం పేరూ వచ్చింది. ఆ టెర్‌హోర్స్ట్ వంశమే లియోనీది. ఊరు వదిలిన పసివాడి వంశం హెన్రిక్‌ది.

నానమ్మ హెడ్‌విగ్ మాత్రం వచ్చినవాళ్లందరికీ ఒకటే చెబుతుంది: "నాలుగు వందల ఏళ్లుగా ఈ నేల మీద మా రక్తమే!" ఈ మాట ఆమెతో ఎలా చెప్పడం? చూపిస్తే హెన్రిక్ ఇంకెందుకు వస్తాడు? దాచేస్తే, అతని ముందు తలెత్తడం ఎలా?

మంగళవారం పుస్తకం అతని ముందు తెరిచి పెట్టింది.

"వారం పైనుంచి దాచాను. నీ ఇంట్లో మేముంటున్నాం, హెన్రిక్."

అతను రెండుసార్లు చదివాడు.

"ఎందుకు దాచావు?"

"చూశాక నువ్వు మళ్లీ రావేమోనని."

"పిచ్చిదానా, పేజీ కోసమైతే రెండు వారాలు చాలేవి. పద, మీ నానమ్మకి ఇద్దరం కలిసి చెబుదాం."

వంటింట్లో హెడ్‌విగ్ అంతా విన్నది. కాఫీ గిన్నె దించి, హెన్రిక్‌ని ఎగాదిగా చూసింది.

"అంటే అసలు బ్రోక్‌హోఫ్ వీడు, మనం కాదు. అంతేనా?"

"నానమ్మా, బాధపడకు…"

"బాధేమిటే? మీ తాత పెళ్లి రోజు పొద్దున దాకా లామర్స్. ఈ ఇంటి అల్లుడవుతూనే సాయంత్రానికి బ్రోక్‌హోఫ్. యాభై ఏళ్లు దున్నాడు. ఆయన ఈ ఇంటివాడు కాదని నాతో ఎవరైనా అనమను చూద్దాం! ఈ పొయ్యి ముట్టించినవాళ్లదే ఈ పేరు."

పొయ్యి పక్కనున్న తాత కుర్చీని కాలితో ముందుకి జరిపింది.

"కూర్చో, అబ్బాయ్. మూడొందల ఏళ్లు ఆలస్యంగా వచ్చావు, కాఫీ చల్లారుతోంది. ఒక్క మాట. ఈ ఇంటికి అల్లుడొస్తే మా పేరే పెట్టుకోవాలి."

లియోనీ మొహం ఎర్రబడింది. "నానమ్మా! ఎవరడిగారు నిన్ను?"

"నేనడగాలనే వచ్చాను," అన్నాడు హెన్రిక్ మెల్లగా. "పేరు నాకు ఉన్నదేగా బామ్మగారూ. ఒక ఎఫ్ ఎక్కువ, అంతే."

"దాన్ని గుమ్మం బయట వదిలేసి రా. బూట్లతో పాటే."

హెన్రిక్ లేచి, గుమ్మం దాకా వెళ్లి బురద బూట్లు విప్పాడు.